పాతరలో ముడుపు

పణజి,
6 నవంబరు 2025

అక్కా,

నీకూ బావకూ దండాలు. నా మేనకోడలు నేత్రకు మాత్రం ఈసారి సలాము కొట్టాలి. దేవదుర్గ పశువుల దవాఖానలో డాక్టరుగా వేశారని ఆర్డరు ఫోటో పంపింది. కన్నడలో ఉన్న ఆ కాగితాన్ని హోటల్లో కనిపించిన ప్రతివాడికీ చూపించాను. వంటవాడికి రెండుసార్లు చూపించానట, వాడే చెప్పాడు.

ఫోను చేయొచ్చు కదా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలుసు. వినపడక నేను అరుస్తాను, నాకు వినిపించాలని నువ్వు అరుస్తావు, చిక్కసూగూరంతా వింటుంది. ఇప్పుడు చెప్పబోయేది ఊరు వినే మాట కాదు. బావ అసలే వినకూడదు. ఆయనకు కన్నడ తప్ప తెలుగు చదవడం రాదు కాబట్టి, మనిద్దరం మక్తల్ బడిలో నేర్చుకున్న అక్షరాలే మనకు దిక్కు.

ఆ సీసా బయటికి తీసే రోజు వచ్చిందక్కా.

గుర్తుందో లేదో, మళ్ళీ చెబుతాను. గోవాకు కట్టడాల పనికి వచ్చి, ఈ హోటల్లో గిన్నెలు కడిగి, చివరికి వైను సీసాల గది చూసుకునే పనిలో కుదిరినప్పుడు నాకు పని నేర్పినవాడు ఇనాసియో. వాళ్ళ వంశంలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లో బిడ్డ పుడితే, ఆ ఏడు పండిన ద్రాక్షతో చేసిన పోర్టు వైను సీసా ఒకటి పక్కన పడుకోబెడతారు. బిడ్డా సీసా కలిసి పెరుగుతారు. నాకు పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. నేత్ర పుట్టిందని నేను ఎగిరిన ఎగురుడు చూసి, ఆయన రెండేళ్ళు ఆగి, ఆ పంట సీసాలకెక్కాక పోర్చుగల్‌లో ఉన్న చుట్టాల చేత 1997 సీసా తెప్పించి నా చేతిలో పెట్టాడు. ద్రాక్షరసం పులుస్తుండగానే అందులో సారా కలిపి పులియడాన్ని మధ్యలో ఆపేస్తారు. అందుకే తీపి అలాగే నిలుస్తుంది. మంచి ఏడాది పంటైతే పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు ఊరుతూనే ఉంటుంది.

నేనుండే రేకుల గదిలో అది బతకదు. మీ ఇంటి జొన్నల పాతర గుర్తొచ్చింది. ఎండాకాలం బయట రాళ్ళు పేలుతున్నా భూమిలోపల చల్లగా, చీకటిగా ఉంటుంది. అందుకే నీకిచ్చి, ఏ పక్క పైకుండాలో గుర్తుగా సీసా మీద వేసిన సున్నం మరక పైకి ఉండేలా పడుకోబెట్టమన్నాను. నేత్ర తన కాళ్ళ మీద నిలబడ్డ రోజున తీద్దామన్నాను. ఇంట్లోకి మందు తెచ్చానని తెలిస్తే బావ నన్ను గడప తొక్కనివ్వడని నోరు మూసుకున్నాం.

ఇంకో మాట. ఇన్నేళ్ళలో ఎంతమందికి పోశానో లెక్కలేదు. మూతల వాసన చూశాను, గ్లాసుల అడుగున రంగు చూశాను. పాత పోర్టు ఒక్క గుటక నా నోట్లో పడలేదు. తాగితే నేత్ర సీసాతోనే మొదలుపెడదామని కూర్చున్నాను. జనవరి దాకా నాకు సెలవు దొరకదు. అప్పటిదాకా ఆగండి. సీసా ఎలా ఉందో రాయి. బావకు మెల్లగా నువ్వే చెప్పాలి.

నీ తమ్ముడు,
భీమేశ్

*

చిక్కసూగూరు,
12 నవంబరు

భీమేశూ,

నీ ఉత్తరం మీ బావ చేతికే వచ్చింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మీ తమ్ముడు ఉత్తరాలు రాస్తడేందే, పెద్ద నవాబు లెక్క" అని నా ఒళ్ళో పడేసి పోయాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా దాన్ని విప్పలేదు. నువ్వు అక్కడ సముద్రం ఒడ్డున కూర్చుని "మెల్లగా చెప్పు" అని రాస్తావు. ఇక్కడ దగ్గు మందు సీసా తెచ్చినా వాసన చూసి, "దీంట్ల ఏమన్న కలిసిందా" అని అడిగే మనిషితో కాపురం చేసేది నేను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. నువ్వు సీసా ఇచ్చి వెళ్ళిన రోజే మీ బావ పొలం నుంచి వేళ కాని వేళ వచ్చాడు. ఏం చేయాలో తోచక దాన్ని పసుపు గుడ్డలో చుట్టి, దారం కట్టి, "పిల్లకోసం మొక్కిన ముడుపు" అన్నాను. అంతే, ఇంకో మాట అడగలేదు. ముడుపులో ఏముందని అడిగితే ఫలం పోతుందట. ఆకారం చూసి తేనె అనుకున్నాడో, దీపం నూనె అనుకున్నాడో. తానే పాతరలోకి దిగి గూట్లో పెట్టి వచ్చాడు. అప్పటినుంచి ఏటేటా దసరాకు బండ తీసి లోపలికి దిగి, దానికి పసుపు నీళ్ళు చల్లి, కుంకుమ పెట్టి, టెంకాయ కొడుతున్నాడు. జొన్నలన్నీ రేకు డ్రమ్ముల్లోకి మారినా పాతర మాత్రం మూయనివ్వలేదు.

ఇప్పుడు బిడ్డకు ఉద్యోగం వచ్చింది. మీ బావ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ముడుపు ఫలించింది సుమంగళా! వచ్చే ఇరవై ఐదు, మంగళవారం, ఎల్లమ్మకు తీర్చేద్దాం" అన్నాడు. ఏం తీరుస్తావని నోరు తెరిచి అడగలేకపోయాను. ఊరి చివర ఎల్లమ్మ గుడి తెలుసు కదా. అక్కడ ఏ ముడుపైనా అమ్మ ముందు విప్పాల్సిందే, పోసేదైతే నేల మీద సాక పోయాల్సిందే.

అదలా ఉంచు. నా మామిడికాయ తొక్కే మూడేళ్ళు నిలిస్తే గొప్ప. పాతికేళ్ళ ద్రాక్షరసం తాగి నా బిడ్డ కడుపునొప్పితో ఉద్యోగంలో చేరాలా? నిజం చెప్పు, అది ఇంకా తాగేదేనా?

మీ అక్క,
సుమంగళ

*

పణజి,
17 నవంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి సీసాల గదిలోనే కింద కూర్చున్నాను. టెంకాయ కొట్టాడా? దాని పక్కనా? ఏటేటా నీళ్ళు పోసి స్నానం చేయించాడా? ఎత్తాడా, తిప్పాడా, మళ్ళీ ఏ పక్కకు పడుకోబెట్టాడు? పాత పోర్టు నిద్రపోతున్న పసిబిడ్డ. కదిపితే అడుగున పేరుకున్న మడ్డి లేచి రసమంతా కలిసిపోతుంది. పాతికసార్లు కదిపితే ఇంకేం మిగులుతుంది!

తాగేదేనా అని అడిగావు. సరిగ్గా ఉంటే ఇప్పుడే దాని అసలు వయసు. పాడైతే అదృష్టం లేదనుకుంటాను. కానీ ఎల్లమ్మ ముందు నేల మీద పోయడం మాత్రం వద్దక్కా. కాళ్ళు పట్టుకుంటాను. అమ్మంటే నాకు భక్తి లేక కాదు. ఒక్క గుటక చాలు, ఆ తరవాత నా వాటా కూడా అమ్మకే పోయండి. బావకు నిజం చెప్పెయ్. తిడితే నన్ను తిట్టమను. సెలవు అడిగి చూశాను. హోటల్లో పెద్ద పెళ్ళి ఉంది, మేనేజరు చెయ్యి ఊపేశాడు.

ఒకవేళ నేను వచ్చేలోపు తీయక తప్పకపోతే, ఎలా తీయాలో బొమ్మ గీసి పంపుతున్నాను. మొదట సీసాను రెండు రోజులు నిలబెట్టాలి. అందుకే రెండు సూర్యుళ్ళను గీశాను. మడ్డి కిందికి దిగుతుంది. తరవాత మూత లాగాలి. పాత బెరడు మూత, మామూలుగా లాగితే పొడైపోతుంది. అందుకే రెండు రేకులున్న పనిముట్టు ఇదే కవర్లో పెట్టాను. రేకులు మూతకు అటూ ఇటూ దించి, తిప్పుతూ లాగాలి. పోసేటప్పుడు సీసా మెడ వెనక దీపం ఉండాలి. ఎర్రటి ధారలో నల్లటి పోగు కనబడగానే ఆపాలి. ఆ మడ్డి విషం కాదు గానీ నోట్లో ఇసుకలా తగులుతుంది. తీశాక మూడు నాలుగు రోజుల్లో తాగేయాలి, దాచుకుంటే చచ్చిపోతుంది.

వెంటనే జవాబు రాయి. నాకు అన్నం సయించడం లేదు.

భీమేశ్

*

చిక్కసూగూరు,
23 నవంబరు, ఆదివారం

తమ్ముడూ,

ముందు అన్నం తిను. సీసాను ఎవరూ కదపలేదు. పసుపు నీళ్ళు చల్లాడని రాశాను గానీ స్నానం చేయించాడని రాశానా? కట్టిన ముడుపును తీర్చేదాకా కదపకూడదని మీ బావ పట్టు. మనిషే కిందికి దిగి, వంగి, గూట్లో ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి కుంకుమ పెట్టేవాడు. టెంకాయ పైన బండ మీద కొట్టేవాడు. పాత గోడలు పడగొట్టి ఇల్లు కట్టినప్పుడు కూడా పాతర చుట్టుపక్కల గునపం పడనివ్వలేదు. మేస్త్రీతో పోట్లాడి వంటింటిని రెండు మూరలు జరిపించాడు. నా వంటింట్లో బీరువా పట్టకపోవడానికి కారణం నీ సీసానే.

ఇక జరిగింది విను. నిజం చెబుదామనే అనుకున్నాను, నీ మీద ఒట్టు. నీ కవరు విప్పుతుండగా మీ బావ వచ్చి కాగితం నా చేతిలోంచి తీసుకుని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అక్షరాలు రాకపోతేనేం, బొమ్మలు అర్థమవుతాయి కదా. చాలాసేపు చూశాడు. వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించాడు.

"ముడుపును నిలబెట్టాలె. రెండు దినాలు ముట్టొద్దు. దీపం ఎనక పెట్టి ధార పోయాలె. అడుగున ఉన్నది పోయొద్దు. ఇంత పద్ధతి నాకే తెల్వదు! గోవాల ఉండి గూడ మీ తమ్మునికి ఎంత భక్తే!"

నిజం చెబుదామని నోరు తెరిచాను. నవ్వొచ్చింది, దాన్ని దగ్గులోకి మార్చాను. నీ పనిముట్టును కళ్ళకద్దుకుని దానికీ బొట్టు పెట్టాడు. ఈ పొద్దున తలస్నానం చేసి, పాతరలోకి దిగి, ముడుపును రెండు చేతులతో ఎత్తుకుని వచ్చాడు. మెల్లగా, మెట్టు మెట్టుకూ ఆగుతూ. ఇప్పుడది దేవుని గూట్లో నిలబడి ఉంది. ఫ్యాను కూడా వేయనివ్వడం లేదు, కదులుతుందట. మంగళవారం దాకా ఒంటిపూట ఉంటానన్నాడు.

అంత నమ్మకంగా చేస్తున్న మనిషికి "అది మందు" అని ఎలా చెప్పను? చెప్పలేను. ఎల్లమ్మే చూసుకోవాలి.

సుమంగళ

*

చిక్కసూగూరు,
25 నవంబరు, మంగళవారం

భీమేశూ,

ఈ ఉత్తరం మీ బావే నీకు ఇస్తాడు. ఆయన సాయంత్రం బస్సుకు నేత్రను తీసుకుని గోవాకు బయలుదేరుతున్నాడు. ఎందుకో నాకు చెప్పలేదు. స్నానానికి వెళ్ళాడు, ఆయన వచ్చేలోపు రాసేయాలి.

గుడిలో ముడుపు విప్పాం. పసుపు గుడ్డ ఊడేసరికి నల్లటి సీసా, సున్నం మరక, గుడ్డలోంచి ఇంకి దాని మీద అంటిన పాతికేళ్ళ కుంకుమ. నేత్ర చీటీ మీద ఇంగ్లీషు చదివి, "అప్పా, ఇది వైను. నేను పుట్టిన సంవత్సరంది" అంది. అబద్ధమాడమని దానికి ఎవరూ నేర్పలేదు, నా పెంపకమే కదా. మీ బావ నా వైపు చూశాడు. పాతికేళ్ళుగా మొక్కిన మనిషి చూపు అది. నాకు ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను. నువ్వు తెచ్చింది, నేను దాచింది, ముడుపని బొంకింది, నీ ఉత్తరాల్లో రాసింది.

గుడి అవ్వ మాత్రం, "ఎల్లమ్మకు మందు కొత్తనా? జల్దీ పొయ్యండి" అంది.

"అయితే ఈ మొక్కు ఎవరిది?" అన్నాడు మీ బావ.

"భీమేశ్‌ది" అన్నాను.

"సరే, కానియ్" అన్నాడు.

నేత్ర నీ పనిముట్టు తీసుకుని, ఆవు కడుపులోంచి దూడను లాగినట్టు ఓపికగా తిప్పుతూ లాగింది. మూత చెక్కుచెదరకుండా వచ్చింది. నేను అమ్మవారి దీపం ముందు పోశాను. మెడలోంచి ధార ఎర్రగా, నున్నగా వచ్చింది. నల్ల పోగు కనబడగానే ఆపేశాను. ఇంట్లో శుభ్రంగా ఉన్నది మూతున్న స్టీలు పాలక్యాను ఒక్కటే, వెంట తెచ్చుకున్నాం, దాంట్లోనే పోశాను. భీమేశూ, ఆ వాసన! గుడంతా నిండింది. పాడవలేదు. నాకు వైను తెలియదు గానీ, పాడైనదేదో తెలుసు కదా.

మీ బావ నాలుగు చుక్కలు సాక పోశాడు. అవ్వ దోసిలి పట్టింది, ఇవ్వలేదు. నేత్ర అడిగింది, దానికీ ఇవ్వలేదు. క్యాను మూత బిగించి, దాని మీద అదే పసుపు గుడ్డ కట్టి, "గోవాకు పోవాలె" అని మాత్రం అన్నాడు. మధ్యాహ్నం నుంచి నాతో మాట లేదు. నీ సొత్తు నీ ముఖాన పారేసి, మన రాకపోకలు తెంచుకుని వస్తాడేమోనని భయంగా ఉంది. ఏమన్నా పడు. ఎదురు చెప్పకు. తప్పు నాదని చెప్పు. అదిగో, వస్తున్నాడు.

అక్క

*

పణజి,
26 నవంబరు

అక్కా,

భయపడకు. బావ ఇప్పుడు నా మంచం మీద గురక పెడుతున్నాడు. నా చెవులకే వినపడుతోందంటే చూసుకో.

పొద్దున హోటల్ వెనక గేటు దగ్గర గొడవ జరుగుతోందని పిలిచారు. వెళ్ళి చూస్తే పసుపు గుడ్డ కట్టిన పాలక్యానును గుండెకు హత్తుకుని బావ నిలబడి ఉన్నాడు. గేటు మనిషి మూత తీసి చూపించమంటే, "ముట్టొద్దు, దేవునిది" అంటున్నాడు. బస్సులో దారి పొడవునా ఒళ్ళోనే పెట్టుకున్నాడట. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరును కేకలేశాడని నేత్ర చెప్పింది. నేను వంగి కాళ్ళకు దండం పెట్టి, తిట్లకోసం తల వంచుకుని నిలబడ్డాను.

తిట్టాడు. గట్టిగానే తిట్టాడు. "నా ఇంట్ల, నా పాతరల, పాతికేండ్లు! ఎల్లమ్మకు తెలుసు, మీ అక్కకు తెలుసు, నాకే తెల్వదు!" అని. తరవాత క్యాను నా చేతిలో పెట్టాడు. "పట్టు. మొక్కు నీది. మొక్కినోడు తీసుకోకముందు ఇంట్లోళ్ళం మేమెట్ల తీసుకుంటం? అది పద్ధతేనా? మూడు నాలుగు దినాల కంటే ఎక్కువ ఆగదని నువ్వే రాసినవంట, మీ అక్క చెప్పింది. అందుకే వచ్చిన."

అందుకే అవ్వకివ్వలేదు, నేత్రకివ్వలేదు. పద్ధతి మనిషక్కా మీ ఆయన. నువ్వు వణికిపోయావు, నేను వణికిపోయాను. ఆయన మాత్రం నా గుటక నాకు చేర్చడానికి వచ్చాడు.

ఇనాసియోను పిలిపించాను. ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. సీసాల గదిలో నలుగురం నిలబడ్డాం. పాలక్యానులోంచి పోర్టు పోయడం నా బతుకులో ఇదే మొదలు. గ్లాసు వంచి చూపించాను. నడుమ మాణిక్యం రంగు, అంచున ఇటుక రంగు. వయసు అంచునే తెలుస్తుంది. వాసన చూశాను. ఎండిన అంజీరు, లవంగం, ఎండుద్రాక్ష, వెనకెక్కడో వాన పడిన మట్టి. ఇన్నేళ్ళూ ఇతరుల గ్లాసుల మీద వంగి పట్టుకున్న వాసన, ఈసారి నా గ్లాసులోనే ఉంది. నోట్లో పోసుకున్నాను. ముందు తీపి వచ్చింది. తీపి అనుకునేలోపు వగరు, ఆ వెనక గొంతులోంచి గుండెలోకి వెచ్చగా దిగింది. మింగేశాక కూడా పోలేదక్కా, చాలాసేపు నోట్లోనే కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. సంతోషానికే, సిగ్గేం లేదు.

నేత్ర రెండు గుటకలు తాగి, "మామా, ఇది నా వయసుదా? నాకంటే నెమ్మదస్తురాలు" అని నవ్వింది.

బావ గ్లాసు ముట్టలేదు. దోసిలి పట్టాడు. తీర్థంలా పోశాను. కళ్ళకద్దుకుని తాగి, తడి చెయ్యి తలకు రాసుకుని, కళ్ళు మూసుకుని నాలుక చప్పరించాడు. మాకు భయమేసింది. కాసేపటికి, "నేరేడు పండ్లు. దాని ఎనక మా నాయన కాలం నాటి నల్ల బెల్లం. అటెనక పొగాకు వాసన" అన్నాడు. ఇనాసియోకు చెబితే ఆశ్చర్యపోయి నా భుజం పట్టుకుని ఊపేశాడు. బావ మళ్ళీ దోసిలి పట్టి, "తీర్థం మూడుసార్లు తీసుకోవాలె కదా" అన్నాడు. మూడు ఐదైంది. పద్ధతి ప్రకారం ఐదు కూడా మంచి అంకేనట.

ఇంత బాగా పెరిగిన సీసా అరుదని, దీన్ని ఎక్కడ పెంచారని ఇనాసియో అడిగాడు. పాతర సంగతి చెప్పాను. కదపనివ్వని బావ సంగతి చెప్పాను. ముసలాయన వంగి బావకు చేతులెత్తి మొక్కాడు. నేనూ మొక్కాను. సీసా కొనిచ్చింది ఇనాసియో, మోసుకొచ్చింది నేను. దాన్ని పెంచింది మీరిద్దరు.

నీ వాటా చిన్న సీసాలో అంచుదాకా నింపి, గాలి చొరకుండా మూత బిగించి బావకు ఇస్తున్నాను. అందరికంటే ఎక్కువే పోశాను. చేరిన రోజే తాగు. స్టీలు గ్లాసు వద్దు, గాజుది తీసుకో. ఖాళీ సీసా కూడా ఉందని నేత్ర చెప్పింది, దాన్ని ఏం చేస్తావో నీ ఇష్టం.

నీ భీమేశ్

*

చిక్కసూగూరు,
1 డిసెంబరు

తమ్ముడూ,

ఈ పొద్దున నేత్ర దేవదుర్గలో పనిలో చేరింది. చేరిన గంటకే ఒక గేదె తన్నిందట. దెబ్బేం తగల్లేదు, ఫోనులో ఒకటే నవ్వు.

నా వాటా గురువారమే తాగాను. గాజు గ్లాసు లేదు, దీపం కోసం కొన్న గాజు ప్రమిద ఉంటే దాన్ని కడిగి పోసుకున్నాను. మీ బావ ఎదురుగా పీట మీద కూర్చుని, పరీక్ష రాసే పిల్ల ముందు మేస్టారిలా నా ముఖమే చూశాడు. "ముందు తీపి వస్తది, మింగెయ్యకు. ఆగు. ఇప్పుడు నేరేడు వచ్చిందా? రాలేదా? ఆగు, వస్తది" అని ఒకటే పాఠం. దగ్గు మందు వాసన చూసే మనిషే! నాకు నేరేడు రాలేదు, బెల్లం రాలేదు. నాకు వచ్చింది కొత్త పెళ్ళికూతురిగా ఈ ఇంటికి వచ్చి తొలిసారి పాతరలోకి దిగినప్పటి వాసన. పాత జొన్నలు, చల్లని మట్టి, పసుపు. మీరెవరూ పట్టుకోలేదు దాన్ని. అడుగున ఒక్క చుక్క మిగల్చకుండా తాగాను. బాగుంది భీమేశూ. చాలా బాగుంది.

నాతో మాట్లాడకపోవడానికి కారణం కూడా తేలింది. కోపం కాదట. పద్ధతి ప్రకారం ముడుపు నీకు చేరేదాకా మౌనంగా ఉండాలనుకున్నాడట, బస్సు డ్రైవరు దగ్గరా, ఆ గేటు మనిషి దగ్గరా భంగమైందని బాధపడుతున్నాడు. మౌనం సంగతి ముందే చెబితే నేను ఇంకాస్త నెమ్మదిగా ఏడ్చేదాన్ని.

ఖాళీ సీసా గురించి రాశావు కదా. కడిగి ఎండబెట్టి, దాంట్లో నువ్వుల నూనె పోసుకుందామని అటక మీద పెట్టాను. నిన్న చూస్తే లేదు. పాతర బండ తీసి ఉంది. లోపలికి తొంగి చూశాను. మీ బావ దాన్ని కొత్త పసుపు గుడ్డలో చుట్టి, సున్నం మరక పైకి వచ్చేలా అదే గూట్లో పడుకోబెట్టి, కుంకుమ పెడుతున్నాడు.

"ఖాళీ సీసాకు పూజేందయ్యా?" అని పైనుంచి అడిగాను.

తలెత్తకుండానే జవాబిచ్చాడు. "పాతికేండ్లు మొక్కిన. బిడ్డను డాక్టరును చేసింది. తాగినమని మొక్కుడు మానేస్తమా?"

దసరాకు నువ్వు కూడా రా. టెంకాయ నీ చేత కొట్టిస్తాడట.

మీ అక్క,
సుమంగళ